పెనుకొండకు కియా ఎందుకొచ్చింది? విదేశీ పెట్టుబడిలో మనం అడగని ప్రశ్న

విదేశీ కంపెనీ ఒకటి రాష్ట్రానికి వస్తోందనగానే రెండు అంకెలు బయటికొస్తాయి: ఎన్ని వేల కోట్లు, ఎన్ని ఉద్యోగాలు. పొగడ్తలైనా, విమర్శలైనా ఆ రెండింటి చుట్టూనే తిరుగుతాయి. ఆ కంపెనీ అసలు ఎందుకొస్తోందని అడిగేవాళ్లు తక్కువ. నా దృష్టిలో ముందు అడగాల్సింది అదే. వచ్చేవాళ్ల అవసరమేమిటో తెలిస్తేనే వాళ్లకు ఏం ఇవ్వాలో, వాళ్ల నుంచి ఏం రాబట్టుకోవాలో తేలుతుంది.

మనకు బాగా తెలిసిన కియానే తీసుకుందాం. 2017 ఏప్రిల్‌లో ఆ కొరియా కంపెనీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు, సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు, స్థలం అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ మండలం ఎర్రమంచి. 2019 ఆగస్టుకల్లా అక్కడ తయారైన సెల్టాస్ షోరూముల్లో ఉంది. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని వేరుశనగ నేలలో ఇంత వేగంగా కార్ల ఫ్యాక్టరీ లేచిందంటే అది చిన్న విషయం కాదు.

అయితే కియా ముందు ఎంచుకున్నది భారతదేశాన్ని, ఆ తర్వాతే పెనుకొండను. ఈ రెంటికీ కారణాలు వేరు. విదేశంలో తయారైన కారును ఓడెక్కించి తెస్తే అప్పట్లో మన దేశంలో ధరను బట్టి 60 నుంచి 100 శాతం దిగుమతి సుంకం కట్టాలి. అంటే పది లక్షల కారు ఓడ దిగేసరికే పదహారు లక్షలవుతుంది. ఆ ధరకు ఇక్కడ మధ్యతరగతి కొనదు. మరోవైపు 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా వాణిజ్య ఒప్పందంతో విడిభాగాల మీద సుంకాలు తగ్గాయి, పూర్తి కార్ల మీద తగ్గలేదు. భాగాలు చౌకగా వస్తాయి, కారు మాత్రం ఖరీదు. అలాంటప్పుడు ఇక్కడే ఫ్యాక్టరీ పెట్టుకోవడం తప్ప వేరే దారి ఉండదు. పైగా సరిగ్గా 2017లోనే అమెరికా థాడ్ క్షిపణి నిరోధక వ్యవస్థను దక్షిణ కొరియా తన గడ్డ మీద పెట్టనిచ్చిందని చైనా మండిపడటంతో ఆ దేశంలో కొరియా కార్ల అమ్మకాలు దారుణంగా పడిపోయాయి. హ్యుందాయ్, కియా గ్రూపుకు చైనా మీదే ఆధారపడకుండా మరో పెద్ద మార్కెట్ అత్యవసరమైంది.

ఇక పెనుకొండ సంగతి. హ్యుందాయ్ చెన్నై పక్కన శ్రీపెరంబుదూరులో 1998 నుంచి కార్లు చేస్తోంది. దాని చుట్టూ కొరియా విడిభాగాల కంపెనీల సైన్యమే ఉంది. పెనుకొండ నుంచి ఆ కంపెనీలూ, చెన్నై రేవూ అందుబాటు దూరంలోనే ఉన్నాయి. 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే పోతుంది, బెంగళూరు రెండు మూడు గంటల ప్రయాణం. ఇన్ని అనుకూలతలున్న చోటుకు రాష్ట్రం భూమి, నీళ్లు, పన్ను రాయితీలు జోడించింది.

బ్రిటిష్ ఆర్థికవేత్త జాన్ డన్నింగ్ దీన్నే సిద్ధాంతంగా చెప్పాడు. కంపెనీకి తనదైన టెక్నాలజీయో బ్రాండో ఉండాలి, ఆ చోట ఉండటం వల్ల లాభం కనిపించాలి, ఆ పనిని ఇంకొకరికి లైసెన్సు మీద అప్పగించడం కన్నా తానే చేసుకోవడం మేలనిపించాలి. ఈ మూడూ కలిస్తేనే నేరుగా పెట్టుబడి పెడుతుంది. రాయితీలు వీటన్నిటి తర్వాత వస్తాయి. దేశానికి రావాలా వద్దా అన్నది అవి తేల్చవు. నాలుగు రాష్ట్రాల మధ్య తూకాన్ని కాస్త ఇటు మొగ్గేలా చేస్తాయంతే. ఎలాగూ భారత్‌కు రావాలనుకున్న కంపెనీ కోసం మన రాష్ట్రాలు ఒకదాన్ని మించి ఒకటి రాయితీలు పెంచుకుంటూ పోతే, ఆ పోటీలో గెలిచిన రాష్ట్రం కూడా నష్టపోవచ్చు.

మన కంపెనీలు బయటికెళ్లేదీ ఇవే లెక్కలతో. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2006లో జర్మనీ జెనరిక్ మందుల కంపెనీ బెటాఫార్మ్‌ను 48 కోట్ల యూరోలకు కొన్నది. జర్మనీలో డాక్టర్లకు, ఫార్మసీలకు తెలిసిన పేరును కొనుక్కుంటే మార్కెట్ ఒక్కసారిగా చేతికొస్తుందన్నది ఆశ. కానీ అక్కడి ప్రభుత్వం ఆరోగ్య బీమా నిబంధనలు మార్చింది. బీమా సంస్థలు టెండర్లు పిలిచి చౌక మందు ఇచ్చినవాళ్లతో ఒప్పందం చేసుకోవడం మొదలుపెట్టాయి. దాంతో బ్రాండుకు పెట్టిన ఖరీదుకు అర్థం లేకుండా పోయింది. కంపెనీ ఆ ఆస్తి విలువను తన ఖాతా పుస్తకాల్లో భారీగా తగ్గించుకోవాల్సి వచ్చింది. పరాయి దేశంలో పెట్టుబడి పెట్టినవాళ్లకూ రిస్కు ఉంటుంది. మన ప్రభుత్వాలు బేరానికి కూర్చున్నప్పుడు అవతలివాళ్లకున్న ఈ టెన్షన్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మళ్లీ పెనుకొండకు వద్దాం. ఊళ్లో కొరియా లిపిలో బోర్డులు, కొరియన్ హోటళ్లు, గెస్ట్‌హౌస్‌లు వెలిశాయి. అద్దెలు, భూముల ధరలు పెరిగాయి. బెంగళూరుకు వలస పోయే కుర్రాళ్లలో కొందరికి ఇంటి దగ్గరే జీతం దొరికింది. ప్రత్యక్షంగా, పరోక్షంగా కలిపి 11 వేల ఉద్యోగాలని ఒప్పందం నాడు చెప్పుకున్నారు. 2023 నాటికి ఫ్యాక్టరీ నుంచి పది లక్షల కార్లు బయటికొచ్చాయి, అందులో ఎన్నో ఓడలెక్కి విదేశాలకు వెళ్లాయి. ఇవన్నీ నిజమైన ప్రయోజనాలే, కొట్టిపారేయదగ్గవి కావు.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. ప్రధాన విడిభాగాలు చేసే పని కియాతో పాటే వచ్చిన కొరియా సంస్థల చేతుల్లో ఉంది. మనవాళ్లకు ఎక్కువగా మిగిలింది రవాణా, క్యాంటీన్, సెక్యూరిటీ, లేబర్ కాంట్రాక్టులు. వాటితో నాలుగు కుటుంబాలు బతుకుతాయి, కానీ పని నేర్చుకున్నట్టు కాదు. రాయలసీమకు చెందిన ఒక చిన్న పారిశ్రామికవేత్త బ్రేకు భాగమో డై అచ్చో తయారుచేసి, నాణ్యత పరీక్షలో నెగ్గి, కియాకూ మరో రెండు కంపెనీలకూ అమ్మగలిగిన నాడే ఆ పెట్టుబడి మన నేలలో వేరూనినట్టు.

మారుతి కథ అందుకే గుర్తు చేసుకోవాలి. 1982లో సుజుకీతో ఒప్పందం, 1983 డిసెంబరులో మొదటి కారు. ఏటేటా స్థానిక భాగాల వాటా పెంచాలన్న పట్టుదల ఉండటంతో గుర్గావ్ చుట్టూ వందల విడిభాగాల సంస్థలు ఎదిగాయి. ఇప్పుడు అలా షరతు పెట్టే వీలు లేదు. కార్ల కంపెనీలకు మన దేశం పెట్టిన స్థానిక కొనుగోళ్ల నిబంధన చెల్లదని 2001లో ప్రపంచ వాణిజ్య సంస్థ వివాద ప్యానెల్ తేల్చేసింది. షరతు పెట్టలేకపోయినా పరీక్షా ల్యాబులు, అచ్చులూ పనిముట్లూ తయారుచేసే టూల్ రూములు, మంచి ఐటీఐలు, చిన్న పరిశ్రమలకు చవక రుణం పెట్టొద్దని ఎవరూ అనలేదు. రాయితీల డబ్బులో కొంత అటు మళ్లిస్తే, రేపు ఆ కంపెనీ వెళ్లిపోయినా మన దగ్గర నైపుణ్యం మిగులుతుంది.

వెళ్లిపోవడం ఊహ కాదు. పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయామంటూ ఫోర్డ్ 2021 సెప్టెంబరులో భారత్‌లో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. చెన్నై దగ్గర మరైమలై నగర్ కార్మికులు పరిహారం కోసం నెలల తరబడి పోరాడారు. లాభాలొచ్చే కంపెనీ దగ్గర మరో సంగతి చూడాలి. 2024 అక్టోబరులో హ్యుందాయ్ ఇండియా ఐపీఓ, అంటే షేర్లను తొలిసారి జనానికి అమ్మడం, 27,870 కోట్ల రూపాయలు సమీకరించింది. అది పూర్తిగా మాతృసంస్థ తన వాటా అమ్ముకోవడం. ఆ డబ్బులో రూపాయి కూడా ఇక్కడి కంపెనీ ఖాతాలోకి రాలేదు. ఏటా వెళ్లే డివిడెండ్లు, రాయల్టీలు దీనికి అదనం. ఇందులో తప్పేమీ లేదు, పాతికేళ్ల కిందట రిస్కు తీసుకున్నవాళ్లు ఫలితం అందుకున్నారు. కాకపోతే వచ్చిన డాలర్లను పండగలా ప్రకటించేవాళ్లు, వెళ్లే డాలర్ల లెక్క కూడా అదే నోటితో చెప్పాలి.

ఇప్పుడు విశాఖ వంతు. అక్కడ డేటా సెంటర్‌కు, అంటే ఇంటర్నెట్ సమాచారాన్ని దాచి నడిపే వేల కంప్యూటర్ల కేంద్రానికి, ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. కియా తొలి పెట్టుబడికి ఇది దాదాపు 14 రెట్లు. ఉద్యోగాలు మాత్రం 14 రెట్లు రావు. డేటా సెంటర్‌లో కట్టేటప్పుడే మనుషుల పని, నడిచేటప్పుడు యంత్రాల పని. దానికి కావాల్సింది సముద్రగర్భ కేబుళ్లు దిగే తీరం, విస్తారమైన భూమి, ఆగకుండా విద్యుత్, యంత్రాలను చల్లబరిచే ఏర్పాటు. విశాఖలో ఇవన్నీ దొరుకుతాయి, అంటే బేరంలో మన చేతిలోనూ బలముంది. ఆ బలంతో ఏం అడిగామో జనానికి తెలియాలి. చల్లబరచడానికి రోజుకు ఎన్ని నీళ్లు, ఏ రిజర్వాయర్ నుంచి? నిర్మాణం పూర్తయ్యాక శాశ్వత ఉద్యోగులు ఎందరు? ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులకు, స్థానిక స్టార్టప్‌లకు ఆ కంప్యూటింగ్ సామర్థ్యంలో వాటా ఉందా? విద్యుత్ రాయితీ భారం ఇళ్ల కరెంటు బిల్లుల మీద పడుతుందా? ఈ నాలుగింటికీ జవాబులు రాయితీల జీవోతో పాటే శాసనసభ ముందుకు రావాలి.