పసుపు జెండా ల్యాప్‌లను లెక్కించాలా?
అమెరికా కార్ల రేసుల పోటీ నాస్కార్‌లో ప్రమాదం జరిగితే పసుపు జెండా చూపి కార్లను నెమ్మదిగా తిప్పుతారు. అలా తిరిగే ల్యాప్‌లను (ట్రాక్ చుట్లను) అసలు లెక్కించొద్దన్న వ్యాసకర్తతో సగమే ఏకీభవిస్తాను. మార్టిన్స్‌విల్ లాంటి అర మైలు ట్రాక్ మీద, 500 ల్యాప్‌ల రేసులో, సరే, లెక్కలోంచి వదిలేయండి. కానీ టల్లడేగా ట్రాక్‌లో ఒక్క ల్యాప్ 2.66 మైళ్లు. లెక్కించకపోతే రేసు ఎప్పుడు ముగుస్తుందో దేవుడికే తెలియాలి, ఇంధనం లెక్కలన్నీ తారుమారు. అసలు బాధ చివరి ల్యాప్‌లతోనే. 2004 ఏప్రిల్‌లో అక్కడే రేసర్ జెఫ్ గోర్డన్ పసుపు జెండా కింద గెలిస్తే జనం ట్రాక్ మీదికి డబ్బాలు విసిరారు. చివర్లో పసుపు జెండా పడితే రేసును పచ్చజెండా కింద, అంటే పూర్తి వేగంతో ముగించేందుకు అదనపు ల్యాప్‌లు తిప్పే నిబంధన ఆ ఏడాదే వచ్చింది. నన్నడిగితే చివరి 10 ల్యాప్‌లను పచ్చజెండా కింద తిరిగితేనే లెక్కపెట్టాలి. ఇక స్టేజీ (రేసులో ఒక భాగం) ముగిసిందని 2017 నుంచి వేస్తున్న పసుపు జెండా అంటారా, అక్కడ ప్రమాదమేమీ లేదు, వేసేది నిర్వాహకులే. కనీసం ఆ ల్యాప్‌లనైనా తీసేయొచ్చు కదా!