39 శాతం ఓట్లకి ఎన్ని సీట్లు?

2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం పార్టీకి 39.17 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు 23. ఐదేళ్ళ తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీకి 39.37 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు 11. అదే రాష్ట్రం, అవే 175 నియోజకవర్గాలు, ఓట్ల శాతం రెండోసారి వీసమెత్తు ఎక్కువే, సీట్లు మాత్రం సగానికి పడిపోయాయి. ఎందుకిలా అని రాజనీతిశాస్త్రంలో పీజీ చేస్తున్న ఎవరినైనా అడిగి చూడండి. "జనంలో వ్యతిరేకత" అంటారు, "కూటమి గాలి" అంటారు. గాలి వీచిందని మనకీ తెలుసు, అంతే శాతానికి పన్నెండు సీట్లు ఎందుకు తగ్గాయన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది.

జవాబు కావాలంటే ఓడిన పార్టీని కాసేపు పక్కన పెట్టి ఎదుటివాళ్ళని చూడాలి. 2019లో గెలిచిన పార్టీకి 49.95 శాతం. జనసేన విడిగా పోటీ చేసి ఐదున్నర శాతం పట్టుకుపోయింది. గెలిచినవాళ్ళకీ రెండో స్థానంలో ఉన్నవాళ్ళకీ తేడా సుమారు 11 శాతం. 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కలిసి పోటీ చేశాయి. మూడింటి ఓట్లూ కలిపితే 55 శాతం దాటాయి, తేడా 16కి పెరిగింది. నియోజకవర్గానికి ఒక్కరే గెలిచే మన పద్ధతిలో 39 శాతానికంటూ సొంతంగా విలువేమీ లేదు, మిగతా 61 శాతం ఎన్ని ముక్కలుగా ఉందన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. దీనికి వాడిన గణితం కూడిక, తీసివేత. ఐదో తరగతి పిల్లలు చేసే లెక్క. దేన్ని దేనితో పోల్చాలో తెలియడమే అసలు పని, రాజకీయాలు చదివేవాళ్ళకి మనం నేర్పనిదీ అదే.

మన దగ్గర ఇంటర్‌లో సీఈసీయో హెచ్‌ఈసీయో తీసుకోవడమంటే సగం మందికి లెక్కల పీడ వదిలించుకోవడమే. డిగ్రీలో పొలిటికల్ సైన్స్, ఆ తర్వాత ఎంఏ. అక్కడ హఠాత్తుగా పరిశోధనా పద్ధతులు అని ఒక పేపర్ ఎదురవుతుంది. ఐదారేళ్ళుగా లెక్కల మొహం చూడనివాళ్ళ ముందు సగటు, మధ్యగతం, బాహుళకం సూత్రాలు పెడతారు. "పరికల్పన అనగానేమి? దాని లక్షణాలను వివరింపుము" అని పది మార్కుల ప్రశ్న ఇస్తారు (పరికల్పన అంటే డేటాతో పరీక్షించి చూడాల్సిన ఊహ), బట్టీ పట్టినవాళ్ళు పాసైపోతారు. పీహెచ్‌డీకి వచ్చాక ప్రశ్నావళి, పట్టికలు, కై-స్క్వేర్ (రెండు విషయాల మధ్య కనిపించే సంబంధం కాకతాళీయమో కాదో చూసే పరీక్ష) తప్పనిసరి కాబట్టి అవి ఎవరో చేసిపెడతారు. ఆ కై-స్క్వేర్ ఏం చెబుతోందని వైవాలో అడిగితే టెన్షన్ మొదలు. పాతికేళ్ళ వయసులో, 1945లో, రాసిన ఒక్క వ్యాసంతో ప్రపంచ గణాంకశాస్త్రాన్ని మలుపు తిప్పిన సి.ఆర్. రావు తెలుగువాడే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినవాడే. ఆయన పేరు మీద మనం గర్వపడటానికి లోటేమీ లేదు.

నన్నడిగితే మొదటి రోజు సూత్రాలు వద్దు, విద్యార్థి చేతిలో వాళ్ళ సొంత నియోజకవర్గం ఫారం 20 పెట్టాలి. అది రిటర్నింగ్ ఆఫీసర్ సంతకం చేసే తుది ఫలితాల పట్టిక. పోలింగ్ స్టేషన్‌కి ఒక వరస, అభ్యర్థికి ఒక నిలువు గడి, ఆ పక్కన నోటా, మొత్తం, టెండర్ ఓట్లు (తన పేరు మీద అప్పటికే ఎవరో వేసేస్తే అసలు ఓటరు విడిగా వేసేవి), అడుగున ఈవీఎంల ఓట్లు ఒక లైను, పోస్టల్ బ్యాలెట్లు ఇంకో లైను. ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు, అనుమతి అడగక్కర్లేదు. చాలాసార్లు అది స్కాన్ చేసిన పీడీఎఫ్, కాగితం వంకరగా పెట్టి తీసినది. ఆఫీసు ముద్ర అంకె మీద పడితే అది 3 అయినా కావచ్చు, 8 అయినా కావచ్చు. దాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కించి, అడ్డంగా కూడి, నిలువుగా కూడి, రెండూ కలవకపోతే తప్పు ఏ గడిలో ఉందో వెతకడంతో సగం చదువు అయిపోతుంది. డేటా పైనుంచి ఊడిపడదని, ఎవరో ఒక మనిషి కూర్చుని నింపితేనే తయారవుతుందని ఇంత బాగా చెప్పే పాఠ్యపుస్తకం నాకైతే తెలియదు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. 2019 ఫారం 20 పక్కన 2024ది పెట్టి, 112వ బూత్‌లో ఓట్లు ఎంత మారాయో చూద్దామనుకుంటారు. ఈ లోపల ఎన్నికల సంఘం బూత్‌లని సవరించి ఉంటుంది. ఓటర్లు పెరిగిన చోట కొత్త బూత్ పుట్టి వెనకాల అంకెలన్నీ జరిగిపోతాయి, కొన్ని చోట్ల 112ఎ అని తోక వస్తుంది. అప్పటి 112 ఇప్పుడు 115 అయి ఉండొచ్చు, అందులోంచి ఒక వీధి పక్క బూత్‌కి పోయి ఉండొచ్చు. నంబరుని నమ్మి పోలిస్తే లేని ఊపు కనిపిస్తుంది. ఓటర్ల జాబితా తీసి, ఏ వీధి ఎక్కడికి మారిందో చూసి, అప్పుడు పోల్చాలి. విసుగు పుట్టించే పనే, రెండు మూడు రోజులు పడుతుంది, కానీ టీవీ చర్చల్లో "ఫలానా ఊళ్ళో ఓటు బ్యాంకు కుప్పకూలింది" అనేవాళ్ళలో ఎంతమంది ఈ పని చేసి మాట్లాడుతున్నారో నాకు అనుమానమే.

ఇక కులం లెక్కలు. మన రాజకీయ కబుర్లలో సగం ఇవే. "ఆ బూత్‌లో ఫలానా కులంవాళ్ళే ఎక్కువ, అక్కడ ఫలానా పార్టీకి మెజారిటీ వచ్చింది, కాబట్టి ఆ కులం మొత్తం అటే పోయింది." వినడానికి బాగానే ఉంటుంది. ఒక బూత్‌లో 1000 ఓట్లు పోలయ్యాయనుకుందాం. అందులో ఒక కులంవాళ్ళవి 600, మిగతావాళ్ళవి 400. ఒక పార్టీకి 600 ఓట్లు వచ్చాయి. అంకెకి అంకె సరిపోయింది కదా అని ఆ 600 మందీ ఆ పార్టీకే వేశారంటారు. మిగతా 400 మందీ ఆ పార్టీకే వేసి, ఆ కులంవాళ్ళలో 200 మందే వేసినా మొత్తం 600 అవుతుంది. అంటే ఆ కులంలో మూడో వంతు నుంచి నూటికి నూరు దాకా ఏదైనా అయి ఉండొచ్చు, ఆ ఒక్క బూత్ అంకె అంతకుమించి ఏమీ చెప్పదు. ఈ ప్రమాదం గురించి అమెరికాలో రాబిన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1950లోనే హెచ్చరించాడు. అక్కడి 1930 జనగణనలో, విదేశాల్లో పుట్టినవాళ్ళు ఎక్కువున్న రాష్ట్రాల్లోనే అక్షరాస్యత ఎక్కువ కనిపించింది. మనిషి మనిషినీ విడిగా చూస్తే సంబంధం తిరగబడింది, విదేశాల్లో పుట్టినవాళ్ళలోనే నిరక్షరాస్యులు ఎక్కువ. వాళ్ళు వచ్చి స్థిరపడింది అక్షరాస్యత బాగున్న రాష్ట్రాల్లో, అంతే. గుంపు లెక్కని మనిషికి అంటగడితే ఇలాగే ఉంటుంది.

లెక్కించే ముందు ఎవరిని ఎందులో వేస్తున్నామన్నది ఇంకో తగాదా. తెలంగాణ కులగణన వివరాలు 2025 ఫిబ్రవరిలో బయటికొచ్చాక బీసీలు 56 శాతం అన్నవాళ్ళున్నారు, 46 శాతం అన్నవాళ్ళున్నారు. ఇద్దరూ చూసింది ఒకే కాగితం. ముస్లిం బీసీలని కలిపితే 56.33, విడదీస్తే 46.25. గొడవంతా కూడికకి ముందే జరిగిపోయింది. ఈ దేశంలో 2011 తర్వాత 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది కాబట్టి, ఏ శాతాన్నైనా మొత్తం ఎంతలో అని అడిగితే గానీ నమ్మలేని పరిస్థితి.

సర్వేల సంగతికొస్తే, అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదా అని అందరూ అంటారు. చాలు, అందరూ ఒకే గిన్నెలో ఉంటే. పొద్దున తొమ్మిదింటికి బస్టాండు పక్కన టీకొట్టు దగ్గర మైకు పెట్టి "ఈసారి ఎవరొస్తారు?" అని అడిగే పబ్లిక్ టాక్‌లో ఎంతమంది ఆడవాళ్ళు కనిపిస్తారు? ఆంధ్రప్రదేశ్ ఓటర్ల జాబితాలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువ. లక్షమందిని అడిగాం అని గొప్పగా వేసుకునే సర్వేకంటే, ఓటర్ల జాబితాలోంచి లెక్క ప్రకారం పేర్లు తీసి, ఇంటికి వెళ్ళి, ఆ పేరు గల మనిషినే పట్టుకుని అడిగిన రెండువేల మంది సర్వే మేలు. ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ అనే పరిశోధనా సంస్థవాళ్ళ ఎన్నికల సర్వే విభాగం లోక్‌నీతి చేసేది ఈ పద్ధతే. ఓటు ఎవరికన్నది నోటితో చెప్పించకుండా నమూనా బ్యాలెట్ ఇచ్చి డబ్బాలో వేయమంటారు. ఎందుకో చెప్పక్కర్లేదు కదా. గుమ్మం ముందు ఎవరో నిలబడి పార్టీ పేరు అడిగితే, ఇది విని రేపు పింఛను తీసేస్తారేమో అనుకునే ముసలమ్మ ఏ పేరు చెబుతుంది?

అంత జాగ్రత్తగా చేసినా పొరపాటు హద్దు ఉంటుంది. పక్కాగా తీసిన వెయ్యిమంది శాంపిల్‌లో ఒక పార్టీ ఓటు శాతం అటూ ఇటూ మూడు శాతం ఊగుతుంది. ఆ ఊపుని సగానికి తగ్గించాలంటే శాంపిల్ రెట్టింపు చేస్తే చాలదు, నాలుగు రెట్లు కావాలి. 2023లో తెలంగాణలో కాంగ్రెస్‌కి 39.40, బీఆర్‌ఎస్‌కి 37.35. తేడా రెండు శాతం, సీట్లు 64, 39. రెండు శాతం తేడాని పట్టలేని కొలబద్దతో సీట్లు ఒకట్లతో సహా చెప్పేవాళ్ళది ఏ శాస్త్రమో మరి. 2024 లోక్‌సభ ఎగ్జిట్ పోల్స్‌లో చాలావరకు ఎన్డీఏకి 350కి పైనే ఇచ్చాయి, వచ్చింది 293. అన్నీ ఒకేవైపు తప్పాయంటే దాన్ని దురదృష్టం ఖాతాలో వేయలేం. శాంపిల్ ఎంత పెంచినా పోని తప్పు పద్ధతిలోనే ఎక్కడో ఉందని అర్థం.

అన్నిటికంటే కష్టమైనది కారణం. పథకాలు ఓట్లు తెస్తాయా? డబ్బులు నేరుగా ఖాతాల్లో వేసిన ప్రభుత్వం 2024లో ఓడింది కాబట్టి తేవని కొందరు తేల్చేశారు. ఆ పథకాలు లేకపోతే 39 శాతం కాస్తా 30 అయ్యేదేమో, ఎవరు చూశారు? జరగనిదాన్ని చూడలేం కాబట్టి దానికి దగ్గరగా ఉండేదేదో వెతుక్కోవాలి, పరిశోధనా పద్ధతులంటే ముఖ్యంగా ఈ వెతుకులాటే. మన రాష్ట్రమే దానికి మంచి ఉదాహరణ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్లు వేలిముద్ర స్మార్ట్‌కార్డు మీద ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఎనిమిది జిల్లాల్లో 157 మండలాలని తీసుకుని, ఏ మండలానికి ముందు వెళ్ళాలో లాటరీ తీశారు. 112 మండలాలకి ముందు, 45 మండలాలకి తర్వాత. కార్తీక్ మురళీధరన్, ఇంకో ఇద్దరు ఆర్థికవేత్తలు రెండు వైపులా ఇళ్ళకి వెళ్ళి అడిగించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. ముందు వెళ్ళిన మండలాల్లో కూలీ త్వరగా అందింది, మధ్యలో కాజేసేది తగ్గింది. ఎమ్మెల్యే పలుకుబడి ఉన్న మండలాలకే ముందు ఇచ్చి ఉంటే ఆ మార్పు కార్డు వల్ల వచ్చిందో పలుకుబడి వల్ల వచ్చిందో ఎవరూ తేల్చలేకపోయేవాళ్ళు.

లాటరీ లేనిచోట అదృష్టమే లాటరీ. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ 9 ఓట్లతో గెలిచారు. తొమ్మిది ఓట్లంటే వానొచ్చినా, ఒక ఆటో చెడిపోయినా ఫలితం మారేది. ఇలా వెంట్రుకవాసిలో గెలిచినవాళ్ళనీ ఓడినవాళ్ళనీ వందలకొద్దీ చేర్చి, తర్వాతి ఎన్నికలో ఏమయ్యారో చూస్తే, పదవిలో ఉండటం లాభమో నష్టమో బయటపడుతుంది. మన దేశంలో అసెంబ్లీ స్థానాల మీద ఇలా చేసిన పరిశోధన ఒకటి 2009లో వచ్చింది. సిటింగ్ ఎమ్మెల్యేకి అది నష్టమేనని తేలింది.

లెక్కలొస్తే రాజకీయం వచ్చేసినట్టేనని మాత్రం నేననను. రిగ్రెషన్ (ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో అంచనా కట్టే లెక్క) చేయడం నేర్చి, ఊళ్ళోకి వెళ్ళి రచ్చబండ దగ్గర గంట కూర్చోలేనివాళ్ళూ తయారవుతున్నారు. ఏ ప్రశ్న అడగాలో తెలిసేది అక్కడే.

ఈ కోవలో ఎంఏ విద్యార్థి చేయగలిగిన పని ఒకటి చేతికందేంత దూరంలో పడి ఉంది. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల్లో మహిళలకి రిజర్వ్ చేసిన ఊళ్ళనీ చేయని ఊళ్ళనీ పోల్చి, రాఘవేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డఫ్లో 2004లో ఒక వ్యాసం ప్రచురించారు. మహిళలు పెద్దలుగా ఉన్నచోట తాగునీటికి ఎక్కువ ఖర్చు పెట్టినట్టు తేలింది. తెలంగాణలో సర్పంచ్ స్థానాల్లో మహిళా రిజర్వేషన్‌కి అధికారులు లాటరీ తీస్తారు. ఏ ఊరు ఎవరికి వచ్చిందో గెజిట్‌లో ఉంటుంది, పంచాయతీ దేనికి ఎంత ఖర్చు పెట్టిందో ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో ఉంటుంది. ఒక మండలం గెజిట్, ఒక ఎక్సెల్ ఫైలు, ఊళ్ళు తిరగడానికి ఒక బండి. "మహిళా సాధికారత – ఒక పరిశీలన" అని పాత డిసర్టేషన్‌నే మళ్ళీ టైపు చేయించే బదులు ఈ పని చేయిస్తామనే డిపార్ట్‌మెంట్ ఏదైనా ఉంటే, డేటా నింపడానికి కూర్చునేవాళ్ళలో నేనొకణ్ణి.