డబ్బు పోయింది, పెట్టె పలకలేదు

నిన్న సాయంత్రం రైతు బజారులో రెండు కిలోల టమాటాలు, తోటకూర, పావుకిలో పచ్చిమిర్చి తీసుకున్నాను. మొత్తం 140 రూపాయలు. స్కాన్ చేసి పిన్ కొట్టాను. ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంది. డబ్బు కట్ అయిందని బ్యాంకు మెసేజ్ మాత్రం టంచనుగా వచ్చేసింది. కూరలమ్మే పెద్దమ్మ పక్కనున్న స్పీకర్ పెట్టె ఉలకదు, పలకదు.

"పడలేదు బాబూ" అంది. మెసేజ్ చూపించాను. ఆవిడకు చదవడం రాదు. వెనకాల నలుగురు నిలబడి ఉన్నారు. అందరూ నన్ను ఎగ్గొట్టి పోయేవాణ్ణి చూసినట్టు చూస్తుంటే తల కొట్టేసినట్టయింది. జేబులో పది రూపాయల నోటు కూడా లేదు. సంచి అక్కడే వదిలేసి, ఏటీఎం వెతుక్కుంటూ వెళ్లి నగదు తెచ్చిచ్చాను.

ఇలా కొట్టువాళ్లకు చేరని యూపీఐ డబ్బు ఐదు రోజుల్లో తిరిగి రావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2019లోనే చెప్పింది. కానీ నెలాఖరులో ఐదు రోజులంటే మాటలా? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉంది సార్" అన్న ఒక్క ముక్కే. క్రెడిట్ కార్డు గీసిన రోజుల్లో మెషీన్ నుంచి చీటీ వచ్చేది, ఇద్దరికీ చెరొకటి. ఇప్పుడు పెద్దమ్మ చేతిలో ఏముంది? మొన్నెవరో దొంగ స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోయారట. నన్ను అనుమానించిందని ఆవిడ మీద కోపం ఎలా తెచ్చుకోను?