ఇది గంజాయి కాదు, ఫార్మా

గంజాయి మొక్క నుంచి మందులు తయారుచేస్తామనే మెడికల్ కానబిస్ కంపెనీలను పట్టుకుని గంజాయి కంపెనీలు అనేవాళ్లను చూస్తే జాలేస్తుంది. పాపం వాళ్లెప్పుడూ ఇన్వెస్టర్ ప్రెజెంటేషన్ చదివి ఉండరు. చదివితే తెలిసేది, అందులో గంజాయి ఊసే ఉండదని. ఉండేది ‘మొక్కల ఆధారిత బయోఫార్మా వేదిక’. అక్కడ తోటలుండవు, ఉత్పత్తి కేంద్రాలుంటాయి. కొనేవాళ్లు ఉండరు, పేషెంట్లు ఉంటారు. చివరి పేజీల్లో సలహా మండలి అని ఆరుగురి ఫొటోలుంటాయి. అందరికీ డాక్టరేట్లు ఉంటాయి. వాళ్లు ఎవరికి ఏం సలహా ఇచ్చారన్నది వాణిజ్య రహస్యం.

ఆ ప్రెజెంటేషన్లలో ఏమున్నా లేకపోయినా ఒక ఫొటో మాత్రం తప్పనిసరి. తెల్లకోటు, నీలం గ్లౌజులు, ప్లాస్టిక్ కళ్లద్దాలు వేసుకున్న ఒకావిడ ఒక ఆకును పట్టకారుతో పట్టుకుని, దానివైపు తదేకంగా చూస్తూ ఉంటుంది. వెనకాల గాజు ఫ్లాస్కుల్లో ఆకుపచ్చ ద్రవం. ఆకును పట్టకారుతోనే ఎందుకు పట్టుకోవాలని అడిగేవాళ్లకు ఇన్వెస్ట్‌మెంట్ అంటే ఏమిటో తెలీదనుకోవాలి. అదే ఆకును చేత్తో పట్టుకుంటే అది వ్యవసాయం. పట్టకారుతో పట్టుకుంటే ఔషధ పరిశోధన. కూరగాయలు పండించే కంపెనీకి మార్కెట్ కట్టే విలువ వేరు, మందులు తయారుచేసే కంపెనీకి కట్టే విలువ వేరు. మధ్యనున్న తేడా మొత్తం ఆ పట్టకారు మొనల మీద నిలబడి ఉంది.

తర్వాతి స్లైడు పైప్‌లైన్. మామూలు ఫార్మా కంపెనీల పైప్‌లైన్ పటం చాలామంది చూసే ఉంటారు. ఎడమవైపు మందు పేరు, పైన మనుషుల మీద పరీక్షల దశలైన ఫేజ్ 1, ఫేజ్ 2, ఫేజ్ 3, ఏ మందు ఎంతవరకు వచ్చిందో చెప్పే బాణాలు. మన కంపెనీ పటంలో ఎడమవైపు జబ్బుల పేర్లుంటాయి: నొప్పి, నిద్రలేమి, ఆందోళన, ఆటిజం, పార్కిన్సన్స్, మూర్ఛ, మొటిమలు. బాణాలు మాత్రం బుద్ధిమంతుల్లా అన్నీ మొదటి గడిలోనే ఆగి ఉంటాయి. ఆ గడి పేరు ‘ప్రీ-క్లినికల్’. అంటే ఇంకా ఏ మనిషికీ ఇచ్చి చూడలేదని అర్థం. అయితేనేం, ఆ పక్క స్లైడులోనే ఒక్కో జబ్బుకూ ప్రపంచ మార్కెట్ ఎన్ని వేల కోట్ల డాలర్లో లెక్క కట్టి, అన్నీ కూడి, కింద మొత్తం వేస్తారు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఎవరైనా గొణిగితే, సోమలింగానికి పేటెంట్ దరఖాస్తు కూడా పెట్టామని జవాబొస్తుంది.

గంజాయి వనంలో తులసి మొక్క అనే మాట మనకు ఎప్పట్నుంచో ఉంది. నిజంగానే అక్కడ ఒక తులసి మొక్క ఉండేది. బ్రిటన్‌లో 1998లో పుట్టిన జీడబ్ల్యూ ఫార్మాస్యూటికల్స్. మందుల కంపెనీలా ఉండాలంటే ఏం చేయాలో ఆ కంపెనీకి సరిగ్గా తెలియలేదు కాబోలు, నిజంగానే మందు తయారుచేసే పనిలో పడింది. గంజాయి మొక్కలోంచి సీబీడీ అనే, మత్తెక్కించని రసాయనాన్ని వేరుచేసి శుద్ధి చేశారు. డ్రావె, లెనాక్స్-గాస్టో అనే అరుదైన, మొండి మూర్ఛ రోగాలున్న పేషెంట్ల మీద మూడు ట్రయల్స్ పెట్టారు. మొత్తం 516 మంది. ఎవరికి అసలు మందు వెళ్తోందో, ఎవరికి డమ్మీ మందు వెళ్తోందో పేషెంట్లకూ తెలీదు, డాక్టర్లకూ తెలీదు. ఫలితాలు చూసి 2018 జూన్‌లో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఎపిడియోలెక్స్ పేరుతో దానికి అనుమతి ఇచ్చింది. లివర్ దెబ్బతినే ప్రమాదం ఉందన్న హెచ్చరిక కూడా లేబుల్ మీద వేయించింది. ఏ మందుకూ లొంగని మూర్ఛలతో అల్లాడుతున్న పిల్లల ఇళ్లలో ఆ మందు తెచ్చిన మార్పు మీద నాకు వ్యంగ్యం ఏమీ లేదు.

అయితే జీడబ్ల్యూ చేసిన పొరపాటు ఒకటుంది. పరీక్ష రాస్తే ఫెయిలయ్యే అవకాశం కూడా ఉంటుందన్న సంగతి పట్టించుకోకపోవడం. వాళ్లదే మరో మందు సాటివెక్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కండరాలు బిగుసుకుపోయే బాధకు 2010లో బ్రిటన్‌లో అనుమతి పొందింది. అదే మందును క్యాన్సర్ నొప్పికి వాడి చూద్దామని ఫేజ్ 3 దాకా తీసుకెళ్లారు. 2015లో బోల్తా పడింది. పనిగట్టుకుని ట్రయల్స్ పెట్టి, డబ్బు పోసి, ఆఖరికి పనిచేయలేదని తామే ప్రపంచానికి చెప్పుకోవాల్సి వచ్చింది. ఎంత అవివేకం! పరీక్షకే కూర్చోని మన కంపెనీల రికార్డు చూడండి. ఇంతవరకు ఒక్కసారైనా ఫెయిల్ కాలేదు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నిజం మందుల కంపెనీ మాట్లాడేది మిల్లీగ్రాముల్లో. మిల్లీగ్రాములతో ఇన్వెస్టర్‌కు ఉత్సాహం రాదు. అందుకే కెనడా కంపెనీలు టన్నుల భాష ఎంచుకున్నాయి. ఎన్ని చదరపు అడుగులు, ఏడాదికి ఎన్ని కిలోలు, గ్రాముకు ఎంత ఖర్చు, ఇవీ ప్రెజెంటేషన్‌లో లావు అక్షరాల్లో ఉండే అంకెలు. అరోరా కంపెనీ ఎడ్మంటన్ విమానాశ్రయం పక్కన దాదాపు 8 లక్షల చదరపు అడుగుల గ్రీన్‌హౌస్ కట్టి, ఏడాదికి లక్ష కిలోలకు పైగా పండిస్తామని చెప్పింది. లక్ష కిలోల మందు ఏ జబ్బుకు, ఎంతమందికి అని అడగడం అనాగరికం. 2022లో ఆ కేంద్రాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించారు. కెనోపీ గ్రోత్ అయితే ఒంటారియోలోని స్మిత్స్ ఫాల్స్‌లో హెర్షీ వాళ్లు వదిలేసిపోయిన చాక్లెట్ ఫ్యాక్టరీలో వెలిసింది. టొరంటో ఎక్స్ఛేంజ్‌లో దాని షేరు గుర్తు ‘వీడ్’, ఇంగ్లిష్ వాడుకలో గంజాయికి మారుపేరు. (ఫార్మా అని చెప్పుకోవాల్సిన చోట ఈ ఒక్క నిజాయితీ ఎలా జారిపోయిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.) 2023లో ఆ ఫ్యాక్టరీని మళ్లీ హెర్షీ వాళ్లే కొనుక్కున్నారు. కొన్ని వ్యాపారాలకు డిమాండ్ ఎంతుందో ముందే తెలుస్తుంది మరి.

అసలు కవిత్వం అకౌంట్లలో ఉంది. ముందు పేజీల్లో ఔషధ సంస్థ అయిన ఈ కంపెనీ, వెనక పేజీల్లో బ్యాలెన్స్ షీటు దగ్గరికి వచ్చేసరికి చటుక్కున తలపాగా చుట్టి రైతైపోతుంది. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల్లో 41వది వ్యవసాయానిది. దాని ప్రకారం చేలో పెరుగుతున్న పంటకు ఈ రోజు విలువ ఎంతో అంచనా కట్టి, పోయినసారి కన్నా పెరిగినంత మేరా లెక్కల్లో లాభంగా చూపాలి. గొర్రెలకూ తీగ మీది ద్రాక్షపళ్లకూ పనికొచ్చే నియమమే. గంజాయి మొక్కకు వర్తింపజేస్తే ఏమవుతుందంటే, మొక్క ఇంకా కుండీలోనే ఉంటుంది, కోయలేదు, ఎండబెట్టలేదు, అమ్మలేదు, కొనేవాడెవడో తెలీదు, అయినా లాభం వచ్చేసింది. అమ్మకాల కన్నా స్థూల లాభమే ఎక్కువగా కనిపించిన త్రైమాసికాలు కూడా ఉన్నాయి. నియమం ప్రకారమే చేశారు, తప్పుపట్టడానికి లేదు. మొక్క వేసిన ప్రతి చిగురూ ఆదాయమే అయినప్పుడు ట్రయల్స్ అంటూ ఏళ్లతరబడి కూర్చోవడానికి ఎవరికి మనసొప్పుతుంది?

ఈ పద్ధతి ఎంత బాగా పనిచేస్తుందో 2018 సెప్టెంబర్‌లో తెలిసింది. టిల్రే అనే కెనడా కంపెనీ ఆ జులైలోనే నాస్‌డాక్‌లో 17 డాలర్లకు షేర్లు అమ్మింది. సెప్టెంబర్ 18న రెండు పనులు జరిగాయి. చేతులు వణికే జబ్బు మీద కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియెగోలో చేసే పరిశోధన కోసం తమ సరుకును అమెరికాకు పంపడానికి అక్కడి మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ అనుమతి దొరికిందని కంపెనీ ప్రకటించింది. ఆ సాయంత్రమే టీవీలో సీఈఓ మాట్లాడుతూ, పెద్ద ఫార్మా కంపెనీలు ముందుజాగ్రత్తగా మాలాంటి వాళ్లతో చేతులు కలపడం మంచిదని సలహా ఇచ్చారు. మర్నాడు షేరు 300 డాలర్లు తాకింది, మధ్యలో ట్రేడింగ్ పలుమార్లు ఆగింది, చివరికి 214 దగ్గర ముగిసింది. అంటే కంపెనీ విలువ సుమారు 2,000 కోట్ల డాలర్లు. ఆ ఏడాది మొత్తం అమ్మకాలు 4.3 కోట్ల డాలర్లు. గమనించండి, పరిశోధన పూర్తవలేదు, మొదలవలేదు, సరుకు పంపుకోవడానికి పర్మిషన్ వచ్చింది, అంతే. 516 మంది మీద పరీక్షించి అనుమతి పొందిన మందున్న జీడబ్ల్యూను 2021లో జాజ్ ఫార్మాస్యూటికల్స్ కొన్నది 720 కోట్ల డాలర్లకు. మందు కన్నా మందు రావచ్చేమో అన్న ఆశ దాదాపు మూడింతలు ఖరీదు.

ఇక పేషెంటు సంగతి. కెనడాలో డాక్టరు ఇచ్చే పత్రంలో రోజుకు ఎన్ని గ్రాములు అని ఉంటుంది. ఏ రకం, అందులో మత్తెక్కించే రసాయనం టీహెచ్‌సీ ఎంత అన్నది పేషెంటే వెబ్‌సైట్లో చూసి కార్టులో వేసుకుంటాడు. బీపీ మాత్రలకు ఈ సదుపాయం లేదు, ఎంత వెనకబడి ఉన్నామో! రకాల పేర్లు కూడా రోగికి ధైర్యాన్నిచ్చేలా ఉంటాయి: పర్పుల్ కుష్, సోర్ డీజిల్, గొరిల్లా గ్లూ. చివరిది విని జిగురు తయారుచేసే గొరిల్లా గ్లూ కంపెనీ కోర్టుకెక్కితే, 2017లో రాజీ కుదిరి పేరు మార్చుకున్నారు. ఈ విషయంలో డచ్చివాళ్లు తెలివైనవాళ్లు. అక్కడి ప్రభుత్వానికి సరఫరా చేసే బెడ్రోకాన్ కంపెనీ తన రకాలకు బెడ్రోబినాల్, బెడియోల్ అని పేర్లు పెట్టింది. నోట్లో పెట్టుకుంటే చేదుగా ఉంటుందేమో అనిపించే పేర్లు. మందంటే అలా ఉండాలి.

పనిచేస్తుందా అంటారా? 2017లో అమెరికాలోని శాస్త్రవేత్తల సంస్థ నేషనల్ అకాడెమీస్ ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. పెద్దల్లో దీర్ఘకాలిక నొప్పికి గంజాయి ఉపయోగపడుతుందనడానికి గట్టి ఆధారాలున్నాయంది. ప్రెజెంటేషన్లకు అంతకన్నా ఏం కావాలి. 2021లో నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం, ఐఏఎస్‌పీ, ఉన్న ఆధారాలన్నీ తిరగేసి, నొప్పికి గంజాయి మందులను వాడమని చెప్పలేమంది. ఈ రెండోది స్లైడ్లలో కనిపించకపోతే తప్పుగా అనుకోకండి, జాగా సరిపోయి ఉండదు. కెనడాలో ప్రతి మందుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఎండు గంజాయికి ఆ సంఖ్య లేదు, ఇది అనుమతి పొందిన చికిత్స కాదని అక్కడి ఆరోగ్య శాఖ, హెల్త్ కెనడాయే చెబుతుంది. అదీ జాగా సమస్యే.

నాణ్యత విషయంలోనూ ఫార్మా స్థాయే అంటారు. 2019 జులైలో కాన్‌ట్రస్ట్ కంపెనీకి ఒంటారియోలోని పెల్హమ్‌లో ఉన్న కేంద్రాన్ని హెల్త్ కెనడా తనిఖీ చేస్తే, ఐదు గదుల్లో లైసెన్స్ రాకముందే పంట వేసినట్టు తేలింది. సెప్టెంబర్‌లో లైసెన్స్ సస్పెండ్ చేశారు. కంపెనీ పేరులోనే నమ్మకం ఉంది కదా, గదుల్లో వెతకడం దేనికి?

అమెరికా కంపెనీల ఫార్మా ప్రేమ వెనక ఇంకో కథ ఉంది. అక్కడి ఫెడరల్ చట్టం మత్తుపదార్థాలను షెడ్యూళ్లుగా విడదీస్తుంది, అన్నిటికన్నా కఠినమైనది షెడ్యూల్ 1. 2023 నాటికి గంజాయిది అదే, అంటే హెరాయిన్ పక్కన కుర్చీ. ఆదాయపు పన్ను చట్టంలో 280ఈ అని ఒక సెక్షన్ ఉంది. షెడ్యూల్ 1, 2 సరుకు అమ్మేవాళ్లు అద్దె, జీతాలు లాంటి ఖర్చులు మినహాయించుకోవడానికి వీల్లేదు. 2023 ఆగస్టులో ఆరోగ్య శాఖ దీన్ని షెడ్యూల్ 3కి, అంటే కెటమిన్, టెస్టోస్టెరాన్ సరసకు దించమని సిఫార్సు చేసింది. సైన్స్ గెలిచిందని పరిశ్రమ పొంగిపోయింది. షెడ్యూల్ మారినంత మాత్రాన ఆకు ఎఫ్‌డీఏ మందైపోదు. 280ఈ మాత్రం పోతుంది. సైన్స్ ఎన్ని రకాలుగా గెలవగలదో చూడండి.

మరి ఇంత గొప్ప ఔషధ సంస్థల్లో డబ్బు పెట్టడానికి ఎవరు ముందుకొచ్చారు? సాండోజ్ లాంటి ఒకటీ అరా మందుల కంపెనీ పంపిణీ ఒప్పందాల మీద సంతకాలు పెట్టి ఊరుకుంది. కట్టలు తెచ్చింది వేరేవాళ్లు. 2018 ఆగస్టులో కెనోపీకి 500 కోట్ల కెనడా డాలర్లు ఇస్తామని వచ్చింది కాన్‌స్టెలేషన్ బ్రాండ్స్, అమెరికాలో కరోనా బీరు అమ్మే కంపెనీ. డిసెంబర్‌లో క్రోనోస్ అనే మరో కెనడా గంజాయి కంపెనీకి 240 కోట్ల కెనడా డాలర్లతో వచ్చింది ఆల్ట్రియా, మార్ల్‌బరో సిగరెట్ల కంపెనీ. మధ్యలో అక్టోబర్ 17న కెనడాలో సరదాకు వాడుకోవడం కూడా చట్టబద్ధమైంది. నిన్నటిదాకా పేషెంట్ల బాధలు తలుచుకుని గొంతు పూడుకుపోయిన ప్రెజెంటేషన్లలో ‘లైఫ్‌స్టైల్ బ్రాండ్లు’ అనే స్లైడు ముందుకు జరిగింది. పట్టకారు పట్టుకున్న ఆవిడ ఇరవయ్యో పేజీకి వెళ్లింది.

టిల్రే ఇప్పటికీ మెడికల్ విభాగం నడుపుతోంది, జర్మనీలో మందుల పంపిణీ సంస్థ కూడా దాని చేతిలో ఉంది. అయితే 2023లో అది ఆన్‌హైజర్-బుష్ దగ్గర ఎనిమిది బీరు, పానీయాల బ్రాండ్లు కొనుక్కుంది. పాత ఇన్వెస్టర్లు కంగారు పడనక్కర్లేదు. బీరుకు కూడా ఫేజ్ 3 ట్రయల్స్ అవసరం లేదు.