తప్పు జవాబు

కిటికీ అంచు మీద ఒక చీమ నడుస్తోంది. చీమంటే చీమే గానీ, నడకలో ఏదో తేడా ఉంది. నాలుగడుగులు వెయ్యడం, ఆగడం, ఒళ్లంతా తిప్పి నా వైపు చూడడం. చీమ నన్ను చూడడం నా జీవితంలో ఇదే మొదటిసారి. ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాను: "ఇది ఏ రకం చీమో ఎవరైనా చెప్పగలరా?"

అరగంటలో పదిహేడు కామెంట్లు! ఆత్రంగా తెరిచాను. ఏడుగురు "ఫాలోయింగ్" అన్నారు. ముగ్గురు చుక్క పెట్టి వెళ్లారు. ఒకాయన "గూగుల్ అనేది ఒకటుందండీ" అన్నాడు. ఇంకొకాయన దణ్ణం బొమ్మ పెట్టాడు, నాకో చీమకో తెలీదు. మా పిన్ని "చిక్కిపోయావురా నాన్నా" అంది. ఫొటోలో నేను లేను. మిగతా నాలుగూ, ఇద్దరు పెద్దమనుషులు నా పోస్టు కింద చేరి వేరే విషయం మీద పోట్లాడుకున్నవి.

మర్నాడు ఒకావిడ మాత్రం, "పైనుంచీ పక్కనుంచీ ఫొటోలు తీసి, ఎక్కడ, ఏ తేదీన కనిపించిందో రాసి ఐనేచురలిస్ట్‌లో పెట్టండి" అంది. 2008 నుంచి ఇలాంటి పనికే ఉన్న చోటు అది. బుద్ధున్నవాడైతే అదే చేసేవాడు. నాకు బద్ధకం. పైగా ఒక కిటుకు గుర్తొచ్చింది. 1995లో మొట్టమొదటి వికీని తయారుచేసిన వార్డ్ కన్నింగ్‌హామ్ పేరు మీద ఒక సూత్రం చెలామణీలో ఉంది: నెట్‌లో సరైన జవాబు కావాలంటే ప్రశ్న అడక్కూడదు, తప్పు జవాబు పెట్టాలి. నిజమే మరి, సాయానికి కదలనివాడు కూడా తప్పు దిద్దాలంటే నిద్రలోంచి లేచొస్తాడు.

అదే ఫొటో మళ్లీ పెట్టి, ఇంతకంటే అడ్డగోలు మాట ఉండదనుకుని రాశాను: "మిత్రులారా, ఇది చీమ కాదు, సాలీడు." తిట్ల కోసం కాచుక్కూర్చున్నాను.

ఒక్క తిట్టూ రాలేదు. గంట తర్వాత ఆవిడే వచ్చింది: "భేష్! అందరూ చీమే అనుకుంటారు. ఎలా కనిపెట్టారు?"

గుండె ఝల్లుమంది. ఫొటో పెద్దది చేసి లెక్కపెట్టాను. చీమకి ఆరు కాళ్లుండాలి. దీనికి ఎనిమిది. మీసాలనుకున్నవి మీసాలు కావు, గాల్లోకి ఎత్తిపెట్టిన ముందు కాళ్లు. చీమవేషం కట్టే సాలీళ్లట, మిర్మరక్నే అంటారట. చీమల జోలికెందుకులే అనుకునే జీవులు వీటినీ వదిలేస్తాయట.

"అనుభవం మీద తెలుస్తుందండీ" అని జవాబిచ్చాను.

అంతే, నా పని అయిపోయింది. కనబడిన ప్రతి పురుగుకీ నన్ను ట్యాగ్ చేస్తున్నారు. నిన్న అర్ధరాత్రి ఒకాయన మంచమెక్కి నిలబడి తీసిన ఫొటో పంపాడు: "సార్, కింద ఉంది. దిగొచ్చా?"

ఫొటో బాగా కదిలింది. ఎంత లెక్కపెట్టినా ఏడు కాళ్లే తేలాయి. "ఫాలోయింగ్" అని పెట్టి పడుకున్నాను.