ఫీల్ కాదు నాయనా, గాంధారం!

ఇప్పుడే ఆన్‌లైన్ క్లాసు అయింది. ఒళ్ళు మండిపోతోంది. ఆ మంటలోనే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

"అంకుల్, ఫింగరింగ్ అంతా కరెక్టే. ఫీల్ మిస్సవుతోంది." ఇదీ మా గిటార్ గురువుగారి తీర్పు. గురువుగారికి మీసాలు ఇంకా పూర్తిగా రాలేదు. పోనీ, విద్యకి వయసుతో పనేముంది. నన్ను అంకుల్ అన్నందుకు కూడా కాదు నా కోపం. సరే, కొంచెం అందుక్కూడా.

జరిగింది వినండి. ఏ మేజర్‌లో (ఇంగ్లీషు A అన్నమాట, అదే స) ఒక బ్యాకింగ్ ట్రాక్, అంటే వెనకాల మోగే వాద్యాల రికార్డింగు పెట్టాడు. తియ్యగా సాగే మెలోడీ. "ఏ కదా అంకుల్, ఐదో ఫ్రెట్ దగ్గర బాక్స్ వన్ కొట్టెయ్యండి" అన్నాడు. బాక్స్ అంటే ఏయే తీగ మీద ఏయే ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు) దగ్గర నొక్కాలో చూపే చుక్కల పటం లెండి. కొట్టేశాను. అన్నిటికన్నా లావైన ఆరో తీగ మీద ఐదో ఫ్రెట్, ఎనిమిదో ఫ్రెట్. ఆ తర్వాత మూడు తీగల మీదా ఐదు, ఏడు. చివరి రెండిటి మీదా మళ్ళీ ఐదు, ఎనిమిది. నిద్రలో లేపి అడిగినా వాయిస్తాను. ట్రాక్ ఒక దారి, నేనొక దారి. పాయసంలో ఆవకాయ కలిపినట్టుంది. ఈలోగా వంటింట్లోంచి మా ఆవిడ కేక: "ఏవండీ, ఆ గాంధారమేంటండీ, అలా ఏడుస్తోంది?"

ఆవిడ చిన్నప్పుడు కర్ణాటక సంగీతం వర్ణాల దాకా నేర్చుకుని పెళ్ళయ్యాక వదిలేసింది. పోపు వేస్తూ విన్న మనిషికి తెలిసింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్న మనిషికి ఫీల్ తక్కువైందట!

గాంధారమే, సరిగమల్లో గ. ఏ మేజర్ అంటే అందులో ఉండాల్సింది సీ షార్ప్, అంటే అంతర గాంధారం. బాక్స్ వన్‌ని ఐదో ఫ్రెట్ దగ్గర పెడితే వచ్చేది ఏ మైనర్ పెంటటోనిక్ అనే ఐదు స్వరాల వరస. అందులో ఉండేది మామూలు సీ, అంటే సాధారణ గాంధారం. ఆ పాటకి అది పనికిరాదు. అదే బాక్స్‌ని మూడు ఫ్రెట్లు వెనక్కి, రెండో ఫ్రెట్‌కి జరిపితే స వచ్చి చిటికెన వేలి కింద కూర్చుంటుంది, అచ్చమైన మోహన రాగం స్వరాలు వచ్చేస్తాయి. ఇంతే. అర నిమిషం మాట. అమెరికా నల్లవాళ్ళ సంగీతం బ్లూస్‌లో అయితే మేజర్ కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) మీద ఇదే సాధారణ గాంధారాన్ని కావాలనే వాయిస్తారు, ఆ ఒరిపిడే దాని రుచి. ఆ అలవాటుని తెచ్చి మన మెలోడీ మీద రుద్ది, కుదరకపోతే ఫీల్ లేదనడం! ఫీల్ అంటే ఏంటి బాబూ, కళ్ళు మూసుకుని మూతి వంకర తిప్పడమా? అది నేనూ చెయ్యగలను.

వీళ్ళు నేర్పే పద్ధతి చూడండి. చేరిన రోజే ఒక పీడీఎఫ్ పంపుతారు. ఐదు పటాలు, నిండా నల్ల చుక్కలు. ఒక్క పటంలోనూ స ఎక్కడుందో గుర్తు పెట్టి ఉండదు. "ముందు షేపులు బట్టీ కొట్టండి అంకుల్, తర్వాత అవే కలిసిపోతాయి." ఎలా కలుస్తాయి? ఎవరు కలుపుతారు? నేను బాక్స్ టూ వాయిస్తే బాక్స్ టూ లాగే ఉంటుంది, బాక్స్ త్రీ వాయిస్తే బాక్స్ త్రీ లాగే ఉంటుంది. పాట మాత్రం ఎక్కడా కనపడదు. చుట్టాలొచ్చి "ఏదీ, ఒక పాట వాయించు" అంటే నా దగ్గర ఉన్నవి చుక్కలు. మొన్న మా బావమరిది కొడుకు, అయిదో క్లాసు వెధవ, కీబోర్డు మీద ఒంటి వేలితో సినిమా పాట వాయించి చప్పట్లు కొట్టించుకుని వెళ్ళాడు.

ఇంకోటి. ఆ రెండో తీగ దగ్గర షేపు ఎందుకు విరుగుతుందో ఎవడైనా చెప్పాడా? ఆరో తీగ నుంచి మూడో తీగ దాకా ఒక్కో తీగకీ పక్క తీగకీ ఐదేసి ఫ్రెట్ల దూరం. మూడో తీగకీ రెండో తీగకీ మధ్య మాత్రం నాలుగే. మళ్ళీ రెండుకీ ఒకటికీ ఐదు. శ్రుతి చేసేటప్పుడు ఆ ఒక్క చోట నాలుగో ఫ్రెట్ నొక్కుతాం కదా, అందుకే. కాబట్టి ఏ షేపైనా రెండో తీగ మీదికి వచ్చేసరికి ఒక ఫ్రెట్ ముందుకి జరుగుతుంది. ఈ ముక్క తెలిస్తే ఐదు పటాల్లో సగం బట్టీ అక్కర్లేదు. అడిగితే ఏమన్నాడో తెలుసా? "అది అలాగే ఉంటుంది అంకుల్."

అలాగే ఉంటుందట.

అసలు కడుపు మండే సంగతి ఇప్పుడు చెప్తాను. ఈ ఐదు బాక్సుల రహస్యం మన వాళ్ళు ఎప్పుడో గ్రహభేదం అని చెప్పి పెట్టారు, అంటే స్వరాలు అవే ఉంచి స ని మాత్రం మార్చి కొత్త రాగం తేవడం. స్వరాలు అవే ఐదు: ఏ, సీ, డీ, ఈ, జీ (A, C, D, E, G). బాక్స్ వన్ మొదలయ్యే ఏ ని స అనుకుంటే శుద్ధ ధన్యాసి. బాక్స్ టూ మొదలయ్యే సీ ని స చేస్తే మోహన. డీ నుంచి మధ్యమావతి. ఈ నుంచి హిందోళం. జీ నుంచి శుద్ధ సావేరి. ఐదు బాక్సులు, ఐదు రాగాలు! కింద తంబూరా యాప్‌లో శ్రుతి మారుస్తూ అవే చుక్కలు వాయించి చూడండి, ఒళ్ళు జలదరించకపోతే అడగండి. హిందోళం స్వరాలు నా వేళ్ళ కింద ఇన్నాళ్ళూ ఉంటే, దాన్ని నేను "బాక్స్ ఫోర్, పన్నెండో ఫ్రెట్" అని పిలుస్తూ కూర్చున్నాను. ఇది చెప్పింది గిటార్ మాస్టారు కాదు. పోపు గరిటె చేత్తో పట్టుకుని మా ఆవిడ.

పోనీ కర్ణాటక సంగీతం వాళ్ళ దగ్గరికి వెళ్దామా అంటే, వాళ్ళ తీరు వేరు. మా వీధి చివర సంగీతం చెప్పే పెద్దాయన దగ్గరికి గిటార్ భుజాన వేసుకుని వెళ్ళాను. గుమ్మంలోనే ఆపి, "దాని మీద రాగమా? అది పాశ్చాత్య వాద్యం కదా నాయనా" అన్నారు. అయ్యా, మీ ఇంట్లో గోడకి వేలాడుతున్న వయొలిన్ పొన్నూరులో పుట్టిందా? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ దాన్ని పట్టుకోబట్టే కదా అది మనదైంది. విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు నేర్పింది ఆ వాద్యమే కదా. మన పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కచేరీలు చేస్తే ప్రపంచమంతా విన్నది. స్వరాలు దొరికినంత మాత్రాన రాగం రాదు, స్వరాన్ని ఊపి పలికించే గమకం కావాలి, నాకూ తెలుసు. తీగని పక్కకి లాగి స్వరాన్ని పైకి తీసుకెళ్ళడం గిటార్ వాళ్ళకీ తెలుసు, వీణ వాళ్ళకీ తెలుసు. ఇద్దరూ ఒక గదిలో కూర్చోరు, అంతే.

ఈలోగా యూట్యూబ్‌లో "ఐదు నిమిషాల్లో ఫ్రెట్‌బోర్డ్ మాస్టర్ అవ్వండి" అని ఒకడు. బ్లూస్ గిటార్‌లో మహానుభావుడు బి.బి. కింగ్ అంతటివాడి పేరు మీద మిగిలింది గుప్పెడు స్వరాల చిన్న బాక్స్. రెండో తీగ మీద స చుట్టూ తిరుగుతుంది. ఆయనకి అది చాలింది. మనకి ఐదు నిమిషాల్లో ఫ్రెట్‌బోర్డ్ మొత్తం కావాలి!

నిజం చెప్పాలంటే ఈ కుర్రాడి మీద కూడా కాదు నా కసి. వాడికీ అలాగే నేర్పి ఉంటారు. ఈ రోగం ఇంటర్లో అంటించారు మనకి. నేను చదివిన హాస్టల్ పేరెందుకు లెండి, మీలో సగం మంది అలాంటి దాంట్లోనే చదివి ఉంటారు. ఫిజిక్స్‌లో ఈ ఫార్ములా ఎలా వచ్చింది సార్ అని అడిగితే, "ఎంసెట్‌లో డెరివేషన్ అడుగుతారా? ఆప్షన్లు ఎలిమినేట్ చెయ్యి, నెక్స్ట్ బిట్టుకి వెళ్ళు." అదే మాట, అదే విసుగు. అది అలాగే ఉంటుంది, బట్టీ కొట్టు. అప్పుడు బిట్లు, ఇప్పుడు బాక్సులు.

పదో తరగతి సెలవుల్లో మా మావయ్య కొనిచ్చిన గిటార్‌ని నాన్నగారు అటక ఎక్కించింది కూడా అప్పుడే. "ర్యాంకు వచ్చాక దించుకుందువుగానిలేరా." ర్యాంకు వచ్చింది. గిటార్ దిగలేదు. ఇంజనీరింగ్ అయ్యాక దించుకుందాం అన్నారు, ఉద్యోగం వచ్చాక అన్నారు. చివరికి నేనే స్టూలు వేసుకుని దింపితే మెడ వంగిపోయి, తీగలు చెక్కకి బెత్తెడు ఎత్తున ఉన్నాయి. రిపేరు చేసే అతను ఒకసారి చూసి, "గోడకి తగిలించుకోండి సార్, షోకి బాగుంటుంది" అన్నాడు. ఆ రోజు నేను ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. నాన్నగారు మాత్రం "అయినా ఇప్పుడు జీతం బానే వస్తోందిగా, కొత్తది కొనుక్కో" అన్నారు. కొనుక్కున్నాను నాన్నా. వేళ్ళని కూడా కొత్తవి అమ్ముతారేమో కనుక్కోండి.

సరే, వచ్చే నెల ఫీజు కట్టేది లేదు. కూకట్‌పల్లి, నిజాంపేట వైపు ముందు స ఎక్కడుందో చూపించి తర్వాత చుక్కలు పెట్టే మాస్టారు ఎవరైనా తెలిస్తే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. అంకుల్ అన్నా ఫర్వాలేదు. "అన్నా, క్యాగెడ్ సిస్టమ్ ట్రై చెయ్యి" అని (అదీ ఐదు షేపులు బట్టీ కొట్టించే పద్ధతే) కామెంటు పెట్టేవాళ్ళని మాత్రం బ్లాక్ చేస్తాను.