ఐదొందలు కొట్టీండి సార్, సిబిల్ క్లియరైపోతాది

ఈ దేశ ఆర్థిక వ్యవస్థ మొత్తం ఐదొందల రూపాయల మీద నిలబడి ఉందని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తిరిగే వసూలు ఏజెంట్ల గట్టి నమ్మకం. మీరు ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ తాగుతున్నా, చీపురుపల్లి స్టేషన్‌లో పాసింజరు కోసం చూస్తున్నా ఫోను మోగుతుంది. "రిపోర్టులో పాత బాకీ ఉంది సార్, ఐదొందలు కొట్టీండి, సిబిల్ క్లియరైపోతాది." యాభై రెండు వేల బాకీ ఐదొందలకెలా క్లియరవుతుందని అడక్కూడదు. అడిగితే రిజర్వు బ్యాంకు నొచ్చుకుంటుంది కాబోలు.

ఆ సిబిల్ రిపోర్టు, అంటే మీ అప్పుల చిట్టా, తీసి చూస్తే అప్పిచ్చిన బ్యాంకు పేరుండదు, ఎన్నడూ వినని ఏఆర్‌సీ (మొండి బాకీలు కొనుక్కునే సంస్థ) ఒకటి ఉంటుంది. బ్యాంకు మొండి బాకీని వీళ్లకు అమ్ముకోవచ్చు. 2002 నాటి సర్ఫేసీ చట్టం ఒప్పుకుంటుంది, మీ అనుమతీ అక్కర్లేదు. కొన్నామన్నవాడు కాగితం మాత్రం చూపాలి కదా.

ఆ కాగితమే అడిగి చూడండి. ముందు నిశ్శబ్దం. తర్వాత "వాట్సాప్‌లో పెట్టీసినాను సార్" అంటాడు. తెరిస్తే క్యూఆర్ కోడ్. మళ్లీ అడిగితే టీమ్ లీడర్ వస్తాడు, "ఎంత కట్టగలరు?" అంటాడు. కాగితం అంటే లాయరు గారు లైన్లోకొస్తారు. గొంతు మొదటివాడిదే, కొత్తగా చేరింది ఒక దగ్గు. "మీ మీద సెక్షన్ పడిపోతాది." ఏ సెక్షనండీ? "అన్నీ." కాసేపు ఆలోచించి లాయరు గారే తీర్పు కూడా చెప్పేస్తారు: "ఐదొందలు కొట్టీండి."

ఎందుకంత ఆత్రం? 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం మామూలు అప్పు మీద దావాకు గడువు మూడేళ్లు. ఆ లోపు బాకీ ఒప్పుకుంటూ సంతకం పెట్టినా, కొంత కట్టి కట్టినట్టు రాసిచ్చినా గడువు మళ్లీ మొదటికొస్తుంది. మూడేళ్లు దాటాక కడతానని రాసిచ్చినా చిక్కే. అలాగని గడువు తీరితే రిపోర్టులో ఆ బాకీ దానంతటదే చెరిగిపోదు.

కాబట్టి ఫోన్లో ఒక్క ముక్క ఒప్పుకోవద్దు. సిబిల్‌తో కలిపి నాలుగు క్రెడిట్ సంస్థలూ (మన అప్పుల లెక్క రాసిపెట్టేవి) ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, తీసుకోండి. ఖాతా నంబరు, తెరిచిన తేదీ, చివరి చెల్లింపు, బాకీ మొత్తం మీ పాసుబుక్కుతో పోల్చండి. తేడా ఉంటే రిపోర్టు మీది కంట్రోల్ నంబరుతో డిస్ప్యూట్ వేసి, అదే ఫిర్యాదు బ్యాంకుకూ ఏఆర్‌సీకీ రాతలో పంపండి. అప్పిచ్చినవాడు ఒప్పుకోనిదే క్రెడిట్ సంస్థ తనంతట తాను అక్షరం మార్చదు. చాలామంది ఒక్కచోట వేసి ఊరుకుని దెబ్బతినేది ఇక్కడే. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం మీకు రావాలి. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నియమం ఇది. ఈ వందల సంగతి మాత్రం ఏ ఏజెంటుకూ గుర్తుండదు!

బాకీ నిజమే అయితే ఇంత కడితే తీరిపోయినట్టేనని సంస్థ రాసిచ్చే సెటిల్‌మెంట్ లెటర్ చేతికొచ్చాకే కట్టండి, అదీ సంస్థ ఖాతాకు. ఏజెంటు ఫోన్‌పేకి కాదు. తగ్గించి కడితే రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది, "క్లోజ్డ్" అని కాదు. తర్వాత అప్పిచ్చేవాడు ఆ మాట చూసే మొహం తిప్పుకుంటాడు.

ఇంతవరకూ వేళాకోళం. పలాస జీడిపప్పు బట్టీలో పనిచేసే మనిషి బాకీ గురించి మేస్త్రీకి ఫోన్ చేసేవాణ్ని, డ్వాక్రా సంఘంలో పదిమంది ముందు ఆమె పేరెత్తేవాణ్ని, "పోలీసులొస్తారు" అని ఆమె ముసలి తల్లిని ఏడిపించేవాణ్ని ఏజెంటు అని ఎందుకనాలి? వాడు రౌడీ. వాడికి జీతమిచ్చి ఆ పని చేయించుకుని "మాకు తెలీదండీ" అనే పెద్దమనుషులు అంతకంటే పెద్ద రౌడీలు. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు, చెక్కు బౌన్సయితే వేరే సంగతి. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని, బంధువుల్నీ స్నేహితుల్నీ లాగకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులోనే చెప్పింది. కాల్ రికార్డు చేసి, తేదీ, టైమూ రాసుకుని ముందు సంస్థకు ఫిర్యాదివ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారికి) సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్లో వేయండి. వివరాలకు 14448. ఫీజు లేదు, ఐదొందలు కూడా.